సెర్బియా హిప్-పెట్రోహెమియా: బాంబులు పడ్డా ఎలా బతికింది, ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది

మీ తమ్ముడికి సెర్బియాలో పాన్చెవో అనే ఊళ్లో పెట్రోకెమికల్ కాంప్లెక్సులో కాంట్రాక్టు మెయింటెనెన్స్ పని ఉందని ఏజెంటు చెప్పాడు, కంపెనీ పేరు హిప్-పెట్రోహెమియా, నెట్‌లో చూస్తే ఒకచోట నేటో బాంబులేసి నేలమట్టం చేసిందని, ఇంకోచోట రష్యా వాళ్లు కొనేశారని, మరోచోట అమెరికా ఆంక్షల్లో ఇరుక్కుందని ఉంది, వీటిలో ఏది నిజం అసలు ఈ కంపెనీ కథేంటి అని అడిగారు. చిత్రం ఏంటంటే మూడూ నిజమే, కానీ మూడూ సగం సగం నిజాలు. నేను ఒలెఫిన్స్ ప్లాంట్లలోనే, అంటే ప్లాస్టిక్‌కి ముడిసరుకు గ్యాసులు తీసే చోట, ఉద్యోగం చేసినవాణ్ణి, గుజరాత్‌లో కొన్నాళ్లు తర్వాత గల్ఫ్‌లో, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిక లేనివాళ్లు చివర్లో పని గురించి రాసింది చూసుకోండి.

ముందు ఊరి సంగతి. పాన్చెవో బెల్‌గ్రేడ్‌కి ఈశాన్యంగా ఓ 15 కిలోమీటర్లు ఉంటుంది, తమిష్ నది డాన్యూబ్‌లో కలిసే చోట. ఊరికి దక్షిణం వైపు మూడు పెద్ద ఫ్యాక్టరీలు గోడకి గోడ ఆనించినట్టు ఉంటాయి. 1962 లో మొదలైన అజోతారా అనే ఎరువుల ఫ్యాక్టరీ, 1968 లో నడవడం మొదలైన ఆయిల్ రిఫైనరీ, ఆ తర్వాత 1975 లో పెట్టిన పెట్రోహెమియా. మధ్యలో వొయ్లొవిట్సా అనే పాత ఆర్థడాక్స్ మఠం ఒకటి ఉంది, మధ్యయుగాల నాటిది, చుట్టూ పైపులు ట్యాంకులు చిమ్నీలు వచ్చేసినా అది అక్కడే ఉండిపోయింది. మఠం పక్కన ఫ్లేర్, అంటే మిగులు గ్యాసు కాల్చేసే చిమ్నీ, మండుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, మన దగ్గర గుడి పక్కన ఇలా కడితే ఎంత గొడవ అయ్యేదో.

అక్కడే ఎందుకు పెట్టారంటే లెక్క తేలికే. డాన్యూబ్ మీద బార్జీలు వస్తాయి పోతాయి, రాజధాని పక్కనే ఉంది, బానాత్ ప్రాంతంలో కొద్దో గొప్పో సొంత ఆయిల్ ఉంది, తర్వాత క్రొయేషియా తీరం నుంచి ఆడ్రియాటిక్ పైప్‌లైన్ కూడా వచ్చింది. అప్పుడు అదంతా ఒకే దేశం, యుగోస్లావియా. దేశాధినేత టిటో కాలం. ఒకే దేశం అన్నమాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఈ కంపెనీ డిజైన్ మొత్తం ఆ లెక్క మీదే ఉంది. క్రూడ్ అనే ముడి చమురు క్రొయేషియా తీరంలో దిగుతుంది, పాన్చెవోలో రిఫైన్ అవుతుంది, నాఫ్తా, అంటే క్రూడ్ నుంచి వచ్చే పెట్రోలు లాంటి తేలిక ద్రవం, గోడ అవతలికి పైపులో వెళ్తుంది, ప్లాస్టిక్ తయారై స్లొవేనియా నుంచి మాసిడోనియా దాకా ఫ్యాక్టరీలకి వెళ్తుంది, మధ్యలో ఒక్క కస్టమ్స్ గేటు కూడా లేదు.

ఇప్పుడు అసలు ప్లాంటు ఏం చేస్తుంది. గుండెకాయ ఇథిలీన్ ప్లాంటు, అంటే నాఫ్తాని విరగ్గొట్టి ప్లాస్టిక్‌కి మూలమైన ఇథిలీన్ గ్యాసు తీసే నాఫ్తా క్రాకర్, డిజైన్ కెపాసిటీ ఏడాదికి 2 లక్షల టన్నుల ఇథిలీన్. ఈ అంకె ఇప్పుడు చిన్నగా కనిపిస్తుంది గానీ ఆ రోజుల్లో తక్కువేం కాదు, దాదాపు అదే కాలంలో మన వడోదరలో ఐపీసీఎల్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టిన క్రాకర్ 1 లక్షా 30 వేల టన్నులు. నాఫ్తాని ఆవిరితో కలిపి ఫర్నేస్ ట్యూబుల్లోంచి పంపిస్తారు, 800 డిగ్రీలు దాటిన వేడిలో సెకనులో చిన్న వంతు సేపు మాత్రమే ఉంటుంది, ఆ లోపే పెద్ద అణువులు చిన్న అణువులుగా విరుగుతాయి, ఇంకొంచెం సేపు ఉంచితే అంతా బొగ్గే. అందుకే బయటికి రాగానే గబుక్కున చల్లార్చాలి. తర్వాత కంప్రెసర్‌తో నొక్కి, కాస్టిక్‌తో కడిగి, ఆరబెట్టి, మైనస్ 100 కంటే కిందికి చల్లబరిచి ఒక్కొక్క గ్యాసునీ విడదీస్తారు. ఇథిలీన్ మరిగేదే మైనస్ 104 దగ్గర. ఒక పక్క కొలిమి, ఇంకో పక్క మంచు కన్నా చల్లటి కాలమ్‌లు, మధ్యలో ఒక పెద్ద కంప్రెసర్, ఆ కంప్రెసర్ ట్రిప్ అయితే మొత్తం ఫ్లేర్‌కే, ఊరంతా రాత్రి పగలైపోతుంది.

ఫర్నేస్ గోడకి చిన్న కిటికీలు ఉంటాయి, షిఫ్టులో ఒకసారి మొహానికి అద్దం పెట్టుకుని మూత తీసి చూస్తాం. లోపల ట్యూబులు నారింజ రంగులో వెలుగుతుంటాయి, ఎక్కడైనా లోపల బొగ్గు పేరుకుంటే ఆ చోట వేడి లోపలికి దిగక లోహం ఇంకా కాగి, మిగతా ట్యూబు కంటే తెల్లగా ఒక మచ్చ కనిపిస్తుంది. మచ్చ పెద్దదైతే ఫీడ్ ఆపి ఆవిరీ గాలీ పంపి బొగ్గు కాల్చేయాలి. ఏ దేశం ప్లాంటైనా ఇదే పని, పాన్చెవోలోనూ ఇదే. నేను ఇది ఎందుకు చెబుతున్నానంటే క్రాకర్ ఎప్పుడూ ఒకే స్పీడులో సాగుతూ ఉండాలి, ఆపడం మళ్లీ మొదలెట్టడం అంటే ట్యూబులకీ జాయింట్లకీ మహా చేటు, డబ్బు కూడా మంచినీళ్లలా పోతుంది. ముడిసరుకు ఉన్నప్పుడు నడిపి లేనప్పుడు ఆపే కంపెనీ ఎప్పటికీ కోలుకోదు. ఈ కంపెనీ కష్టం సరిగ్గా అక్కడే ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. నాఫ్తా క్రాక్ చెయ్యడం అంటే వేటపోతుని కొయ్యడం లాంటిది, మనకి కావాల్సింది కండే అయినా తల, కాళ్లు, బోటీ, తోలు అన్నీ చేతికొస్తాయి, అన్నిటికీ బేరం కుదిరితేనే కొట్టువాడికి గిట్టుబాటు. 100 టన్నుల నాఫ్తా వేస్తే సుమారు 30 టన్నులు ఇథిలీన్, 15 దాకా ప్రొపిలీన్, 10 దాకా సీ-4 అనే గ్యాసులు, 20 పైన బెంజీన్ ఎక్కువగా ఉండే పైరోలిసిస్ గాసొలీన్, మిగతాది మీథేన్, హైడ్రోజన్, నల్ల ఆయిల్. ఇథిలీన్ ఒక్కటే అమ్ముకుని ఏ నాఫ్తా క్రాకరూ లాభం చూడదు.

పాన్చెవో వాళ్లు మొదట్లో ఈ గొలుసుని బాగానే అల్లారు. ఇథిలీన్‌లో కొంత హై డెన్సిటీ పాలీఇథిలీన్‌కి, హిప్లెక్స్ అనే పేరుతో అమ్మేవారు, కొంత లో డెన్సిటీకి, దాని పేరు హిప్టెన్. హై డెన్సిటీ అంటే డ్రమ్ములు క్రేట్లు పైపులు, లో డెన్సిటీ అంటే కవర్లు, పొలాల మీద కప్పే షీట్లు. పేర్లు విని లో డెన్సిటీ తేలిక పని అనుకుంటారు గానీ దాని రియాక్టర్లో వెయ్యి బార్లు దాటిన, అంటే మన చుట్టూ ఉన్న గాలికి వెయ్యి రెట్ల పైన, ప్రెషర్ ఉంటుంది, ఆ హాలు దగ్గర ఎవరూ ఊరికే నిలబడరు. మూడో చెయ్యి పీవీసీ, అంటే ఇథిలీన్‌కి క్లోరిన్ కలిపే లైను. సీ-4 గ్యాసులు జ్రెన్యానిన్ దగ్గర ఎలెమిర్ అనే ఊళ్లో ఉన్న సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీకి వెళ్లేవి, అందులో బ్యుటాడీన్ తీసి టైర్ల రబ్బరు చేసేవారు, పెట్రోల్లో కలిపే ఎంటీబీఈ కూడా అక్కడే. పాన్చెవో దగ్గరే త్స్రెపాయాలో పైపులు చేసే యూనిట్ ఉండేది. ఒక్క ప్రొపిలీన్‌కే సొంతింట్లో గిరాకీ లేదు, దాన్ని అలాగే గ్యాసుగా బయటికి అమ్ముకోవాల్సిందే. దాన్ని ప్లాస్టిక్ చేసే పాలీప్రొపిలీన్ ప్లాంటు లేకపోవడం మొదటి నుంచీ ఉన్న లోటు, దీని సంగతి మళ్లీ వస్తుంది.

1991 తర్వాత దేశం ముక్కలైంది, 1992 నుంచి 1995 దాకా ఐక్యరాజ్యసమితి ఆంక్షలు. ఒకప్పటి సొంత మార్కెట్ విదేశం అయిపోయింది, క్రూడ్ రావడం కష్టం, స్పేర్ పార్టులు రావడం ఇంకా కష్టం. నా లెక్కలో ఈ కంపెనీ నడుం విరిగింది ఇక్కడ, బాంబులు పడింది ఆ తర్వాత. ఇది చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే బాంబు ఫోటో తీస్తే కనిపిస్తుంది, పోయిన మార్కెట్ ఫోటోలో పడదు.

ఇక 1999. మార్చి 24న నేటో దాడులు మొదలయ్యాయి, పాన్చెవో రిఫైనరీ మీద ఏప్రిల్ 4న మొదటి దెబ్బ, ముగ్గురు కార్మికులు చనిపోయారు, ఆ తర్వాత జూన్ దాకా చాలాసార్లు కొట్టారు, రిఫైనరీలో కాలిపోయింది దాదాపు 80 వేల టన్నుల ఆయిల్, ఆయిల్ నుంచి చేసిన సరుకు. పెట్రోహెమియా మీద పడింది ఏప్రిల్ 15న, 18న. ఇక్కడ జాగ్రత్తగా వినండి. మొత్తం కాంప్లెక్స్ నేలమట్టం కాలేదు. దెబ్బ తగిలింది ముఖ్యంగా క్లోరిన్ వైపు, అంటే పీవీసీకి ముందు మెట్టు అయిన వినైల్ క్లోరైడ్ ప్లాంటు, దాని పక్క ట్యాంకులు, క్లోర్-ఆల్కలీ యూనిట్. కానీ విషం పరంగా చూస్తే ఆ కాంప్లెక్సులో కొట్టకూడని చోటు ఏదైనా ఉందంటే సరిగ్గా అదే.

ఎందుకో చెబుతా. క్లోరిన్ చెయ్యాలంటే ఉప్పునీళ్లని కరెంటుతో విడగొట్టాలి, పాత పద్ధతిలో దానికి పాదరసం వాడతారు, పొడుగాటి తొట్ల అడుగున పాదరసం పలచగా పారుతుంటుంది, సోడియం దాంట్లో కలిసి బయటికొచ్చి కాస్టిక్ సోడా అవుతుంది, క్లోరిన్ పైనుంచి గ్యాసుగా పోతుంది. ఒక్కో ప్లాంటులో టన్నుల కొద్దీ పాదరసం ఉంటుంది. ఆ క్లోరిన్‌ని ఇథిలీన్‌తో కలిపితే ఇథిలీన్ డైక్లోరైడ్ అనే ద్రవం, మేం దాన్ని ఈడీసీ అంటాం. దాన్ని మళ్లీ బాగా వేడిచేసి విరిస్తే వినైల్ క్లోరైడ్, అది మామూలుగా గ్యాసు, లివర్ క్యాన్సర్ తెచ్చేది, ప్రెషర్ మీద ద్రవంగా దాస్తారు. దాన్ని పాలిమర్ చేస్తే పీవీసీ, మన ఇంట్లో బోరు పైపు.

యుద్ధం అయిపోయాక ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఒక బృందాన్ని పంపింది, ఫిన్లాండ్ మాజీ పర్యావరణ మంత్రి పెక్కా హావిస్తో దానికి నాయకుడు, 1999 అక్టోబర్‌లో రిపోర్టు వచ్చింది. దాని ప్రకారం పాన్చెవోలో సుమారు 2,100 టన్నుల ఈడీసీ నేలలోకీ మురుగు కాలవలోకీ పోయింది, 8 టన్నుల పాదరసం నేల మీద ఒలికింది, అందులో 200 కిలోల దాకా కాలవకి చేరింది, 460 టన్నుల వినైల్ క్లోరైడ్ కాలిపోయింది. పక్కన అజోతారా వాళ్లైతే బాంబు పడి అమ్మోనియా ట్యాంకు పేలితే ఊరు ఊరంతా పోతుందని భయపడి 250 టన్నుల అమ్మోనియాని వాళ్లే కాలవలోకి వదిలేశారు. ఆ నిర్ణయం తప్పని ఆఫీసులో కూర్చుని చెప్పడం తేలికే గానీ, ట్యాంకు ఫార్మ్‌లో నిలబడ్డవాడికి చేపలు చావడమా మనుషులు చావడమా అన్నదే ప్రశ్న, నేనైనా అదే చేసేవాణ్ణి.

పాదరసం పేరు వినగానే జనం భయపడతారు గానీ నా దృష్టిలో ఇక్కడ అన్నిటికన్నా మొండిది ఈడీసీ. రంగు లేదు, కొంచెం తియ్యటి వాసన, నీళ్లకన్నా పావు వంతు బరువు ఎక్కువ. పెట్రోలు ఒలికితే నీళ్ల మీద తేలుతుంది, తెట్టు తీసినట్టు తియ్యొచ్చు. ఇది తేలదు, ఇసుక నేలలోకి దిగుతుంది, నీటి మట్టం దాటి కూడా కిందికే పోతుంది, ఎక్కడో బంకమన్ను పొర తగిలేదాకా ఆగదు, అక్కడ గుంటల్లో కూర్చుని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా భూగర్భజలంలో కరుగుతూ ఉంటుంది. దాన్ని తియ్యాలంటే బోర్లు వేసి ఆ నీళ్లు తోడి, గాలితో కొట్టి ఈడీసీ విడదీయాలి, అది ఏళ్ల పని. అక్కడ జరిగింది అదే, ఐక్యరాజ్యసమితి వాళ్లు 2000 నుంచి 2004 దాకా క్లీనప్ ప్రాజెక్టు నడిపారు, నేల మీద పాదరసం ఏరడం, ఈడీసీ తోడటం, దెబ్బతిన్న మురుగునీటి శుద్ధి ప్లాంటు బాగుచెయ్యడం. ఈ శుద్ధి ప్లాంటు పెట్రోహెమియాదే అయినా పక్క రిఫైనరీ నీళ్లు కూడా దాంట్లోకే వచ్చేవి, అది పాడైతే ఇద్దరి మురుగూ దాదాపు 2 కిలోమీటర్ల ఆ కాలవ దాటి నేరుగా డాన్యూబ్‌లోకే.

ఇంకో మాట, ఆ రిపోర్టులోనే ఉంది, రెండు వైపుల వాళ్లూ చెప్పరు. అక్కడి కాలుష్యం అంతా బాంబుల వల్ల వచ్చింది కాదు, చాలా భాగం అంతకుముందు నుంచీ ఉన్న లీకులూ నిర్లక్ష్యమూ. పాన్చెవో జనం యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా గాలిలో బెంజీన్ గురించి గొడవ చేస్తూనే ఉన్నారు, అది 1999 బెంజీన్ కాదు కదా. విశాఖలో 2020 లో స్టైరీన్ లీకు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అంత పని జరగడానికి యుద్ధమే రానక్కర్లేదు.

దాడులు ఆగాక క్రాకర్ మళ్లీ నడిచింది, పాలీఇథిలీన్ ప్లాంట్లు నడిచాయి. వినైల్ క్లోరైడ్ ప్లాంటు మాత్రం మళ్లీ కట్టలేదు, దాంతో పీవీసీ కథ అయిపోయింది. ఇప్పుడు లెక్క చూడండి, ఇథిలీన్ వాడుకునే మూడు చేతుల్లో ఒకటి తెగింది, ప్రొపిలీన్‌కి ముందే ఇల్లు లేదు, క్రాకర్ మాత్రం అదే సైజు. అంటే ఫుల్ లోడు మీద నడిపితే ఇథిలీన్ మిగిలిపోతుంది, తక్కువ లోడు మీద నడిపితే టన్నుకి ఖర్చు పెరిగిపోతుంది. నాకు ఈ కంపెనీ గురించి ఒకే ఒక్క మాట చెప్పమంటే ఇదే చెబుతాను: ఫ్యాక్టరీ చెడ్డది కాదు, పనివాళ్లు చేతగానివాళ్లు అసలు కాదు, ఆ అవస్థలో కూడా ఆ ప్లాంటుని నడిపించారంటే గట్టివాళ్లే, కానీ ఒకరి మీద ఒకరు ఆధారపడేలా కట్టిన గొలుసులో ఒక్కో లింకూ వేరేవాళ్ల చేతికి పోయింది.

వాటిలో పెద్ద లింకు నాఫ్తా. అది గోడ అవతల రిఫైనరీ నుంచి వస్తుంది, రిఫైనరీ నిస్ అనే సెర్బియా ఆయిల్ కంపెనీది. రెండూ ప్రభుత్వానివే ఉన్నప్పుడు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి. 2009 లో నిస్‌లో 51 శాతం వాటాని రష్యా గాజ్‌ప్రోమ్ నెఫ్ట్ 40 కోట్ల యూరోలకి కొనుక్కుంది, తర్వాత 56 శాతం దాకా పెంచుకుంది. పెట్రోహెమియా మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. ఇక నాఫ్తా అమ్మేవాడు రష్యా వాళ్ల చేతిలో ఉన్నవాడు, మార్కెట్ రేటు అడుగుతాడు, కొనేవాడు ప్రభుత్వ కంపెనీ, డబ్బుల్లేవు. ఆపేస్తే ఉద్యోగాలు పోతాయని ప్రభుత్వం సరుకు ఇప్పిస్తుంది, అప్పు పెరుగుతుంది. గ్యాసు స్ర్బియాగాస్ అనే ప్రభుత్వ గ్యాసు కంపెనీ నుంచి, అక్కడా అప్పే. క్రూడ్ బ్యారెల్ 100 డాలర్ల పైన ఉన్న ఆ ఏళ్లలో నాఫ్తా క్రాకర్ నడపడం యూరప్‌లో అందరికీ కష్టమే, 2 లక్షల టన్నుల పాత క్రాకర్‌కి అయితే చెప్పక్కర్లేదు, ఎందుకంటే అప్పటికే మన పానిపట్‌లో క్రాకర్ సైజు 8 లక్షల టన్నులు దాటింది. కొన్నాళ్లు ఆపడం, కొన్నాళ్లు నడపడం, పైన చెప్పానే, క్రాకర్‌కి అదే చావు.

అలా ఏళ్ల తరబడి ఈ కంపెనీ "పునర్‌వ్యవస్థీకరణలో ఉన్న సంస్థ" అనే గొడుగు కింద బతికింది, అంటే అప్పులవాళ్లు కోర్టుకెళ్లి ఆస్తి జప్తు చెయ్యలేరు. 2014 చివర్లో క్రూడ్ ధర పడిపోయాక నాఫ్తా చవకైంది, ప్లాస్టిక్ ధర అంతగా పడలేదు, మార్జిన్ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపులోనే 2017 లో అప్పులవాళ్లందరితో ఒప్పందం కుదిరింది, చాలా అప్పుని వాటాలుగా మార్చారు, దాంతో నిస్‌కి సుమారు 21 శాతం వచ్చింది, మిగతా పెద్ద వాటా ప్రభుత్వానిది. పక్కన అజోతారాకి ఆ అదృష్టం పట్టలేదు, 2018 లో దివాలాకి వెళ్లింది.

తర్వాత 2021 డిసెంబర్‌లో సెర్బియా ప్రభుత్వం, నిస్ మధ్య ఒప్పందం అయింది. నిస్ 15 కోట్ల యూరోలు పెట్టుబడి పెట్టి వాటాని 90 శాతానికి పెంచుకోవాలి, 10 శాతం ప్రభుత్వం దగ్గర ఉంటుంది, ఏడాదికి కనీసం 1 లక్షా 40 వేల టన్నుల పాలీప్రొపిలీన్ ప్లాంటు కట్టాలి. ఆ లావాదేవీ 2023 జూన్‌లో పూర్తయింది. ఇంజనీరుగా చూస్తే ఇది సరైన పని. రిఫైనరీ, క్రాకర్ ఒకే యజమాని కింద ఉంటే నాఫ్తా రేటు మీద రోజూ పంచాయితీ ఉండదు, పైరోలిసిస్ గాసొలీన్ రిఫైనరీకి తిరిగెళ్తుంది, ఇన్నేళ్లు గ్యాసుగానే అమ్మేసుకున్న ప్రొపిలీన్‌కి చివరికి ఇల్లు దొరుకుతుంది. 1 లక్షా 40 వేల టన్నులకి ఆ క్రాకర్ ప్రొపిలీన్ ఒక్కటే సరిపోదు, రిఫైనరీ నుంచి కూడా తీసుకోవాలి, అదీ గోడ అవతలే కదా. రిఫైనరీ కూడా పాతదేం కాదు, 2012 లో హైడ్రోక్రాకర్, 2020 లో కోకర్ అనే, బరువైన ఆయిల్‌ని తేలిక ఆయిల్‌గా మార్చే యూనిట్లు వచ్చాయి. 40 ఏళ్ల కింద చేయాల్సిన పెళ్లి ఇప్పుడు చేశారు అనుకున్నాం మేమంతా.

అక్కడితో రష్యా లింకు మెడకి చుట్టుకుంది. 2025 జనవరి 10న అమెరికా నిస్ మీద ఆంక్షలు ప్రకటించింది, కారణం అందులో రష్యన్ వాటా. మళ్లీ మళ్లీ వాయిదా వేసి చివరికి అక్టోబర్ 9న అమల్లోకి తెచ్చారు. క్రొయేషియా పైప్‌లైన్ వాళ్లు క్రూడ్ ఆపేశారు, నిస్ బంకుల్లో విదేశీ కార్డులు పనిచెయ్యక నగదు, లేదంటే సెర్బియా సొంత దీనా కార్డు అనే పరిస్థితి వచ్చింది, డిసెంబర్ మొదట్లో రిఫైనరీ ఆగింది. ఆ తర్వాత అమెరికా తాత్కాలిక లైసెన్సు ఇవ్వడం, 2026 జనవరిలో హంగరీ కంపెనీ మోల్ ఆ 56.15 శాతం రష్యన్ వాటా కొనడానికి ఒప్పందం చేసుకోవడం జరిగాయి, దానికీ అమెరికా అనుమతి కావాల్సిందే. పెట్రోహెమియా పేరు విడిగా జాబితాలో ఉందా లేదా అని వెతకక్కర్లేదు, ఆంక్షల్లో ఉన్న కంపెనీకి 50 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్న ఏ సంస్థకైనా అవే ఆంక్షలు తగులుతాయి, ఇక్కడ నిస్ వాటా 90.

మోల్ వస్తే మంచిదేనా అంటే నాకు రెండు మాటలున్నాయి. ఒకటి, వాళ్లకి ఈ వ్యాపారం తెలుసు, హంగరీలో తిసావూయ్‌వారోష్‌లో, స్లొవేకియాలో బ్రాటిస్లావాలో క్రాకర్లు నడుపుతున్నారు. రెండు, తెలుసు కాబట్టే లెక్క వేస్తారు, మూడు దేశాలూ డాన్యూబ్ పరిసరాల్లోనే, కస్టమర్లు దాదాపు వాళ్లే, అలాంటప్పుడు అందరికన్నా చిన్నదైన క్రాకర్‌ని ఎందుకు నడపాలి అని బోర్డులో ఎవరో ఒకరు అడుగుతారు. యూరప్‌లో ఇప్పుడు గాలి కూడా అటే వీస్తోంది, ఫ్రాన్స్‌లో ఎక్సాన్ వాళ్లు గ్రావెన్షాన్‌లో ఆపారు, ఇటలీలో వెర్సాలిస్ బ్రిండిసీ ప్రియోలో రెండూ మూసింది, అమెరికాలో చవగ్గా దొరికే ఈథేన్ గ్యాసు, చైనా కొత్త ప్లాంట్ల ముందు యూరప్ నాఫ్తా క్రాకర్ నిలబడలేకపోతోంది. నన్నడిగితే పాన్చెవోలో పాలీఇథిలీన్ లైన్లూ రాబోయే పాలీప్రొపిలీనూ బతకొచ్చు, క్రాకర్ మీద మాత్రం నేను పందెం కాయను. ప్రభుత్వం ఉద్యోగాల కోసం పట్టుబడితే వేరే సంగతి, అక్కడ అలా పట్టుబట్టిన చరిత్ర ఉంది.

ఇక తమ్ముడి పని. ప్లాంటు నిజం, ఊరు నిజం, షట్‌డౌన్ మెయింటెనెన్స్‌కి బయటి కాంట్రాక్టర్లు రావడం కూడా మామూలే. కానీ ఏజెంటు "కంపెనీలో పర్మనెంట్" అంటే నమ్మొద్దు, జీతం ఇచ్చేది ఏ కాంట్రాక్టరు, ఏ దేశంలో రిజిస్టరైంది, ఏ బ్యాంకు నుంచి డబ్బు వేస్తారు అన్నది కాగితం మీద అడగండి, ఎందుకంటే ఆంక్షల లైసెన్సు గడువు అయిపోతే బ్యాంకు చెల్లింపులే ముందు ఆగుతాయి. వర్క్ పర్మిట్ ఏ యజమాని పేరు మీద ఉందో చూడండి, పని ఆగిపోయి ఇంకో కంపెనీకి మారాలంటే ఆ పేరే అడ్డం. తిరుగు టికెట్ ఎవరిదో ముందే తేల్చుకోండి. ఇంకొకటి, పని పాత క్లోరిన్ ఏరియా వైపు తవ్వకాలో, పైపులు విప్పడమో అయితే ఆ నేలలో ఏముందో పైన రాశాను కదా, గ్యాస్ టెస్టింగ్, సరైన మాస్కు, మూత్రంలో పాదరసం పరీక్ష ఉంటాయా అని అడగమనండి. అడిగితే నవ్వే కాంట్రాక్టరు అయితే వెళ్లొద్దనండి. ఇథిలీన్ ప్లాంటు ఫర్నేస్ ట్యూబుల పని, రొటేటింగ్ మెషీన్ల పని అయితే మాత్రం నేర్చుకోవడానికి మంచి చోటు, అంత పాత మెషీన్లని చేతికి దొరికిన పార్టులతో నడిపించినవాళ్లు అక్కడున్నారు, ఆ ఫోర్‌మెన్ల దగ్గర ఒక టర్న్‌అరౌండ్, అంటే ప్లాంటు ఆపి చేసే పూర్తి రిపేరు, చేస్తే తర్వాత గల్ఫ్‌లో ఎక్కడైనా పనికొస్తుంది. ఆఫర్ లెటర్ వస్తే పేర్లూ నంబర్లూ కొట్టేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.